మార్చుకున్న వాగ్దానం

నాకు కోపం తెప్పించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది "ప్రకృతి ప్రకోపం". ఎక్కడ భూమి కంపించినా పత్రికలవారు ఈ రెండు పదాలనూ వెతుక్కునే శ్రమ లేకుండా అచ్చువేస్తారు. కోపం రావాలంటే ఎదుట ఒక మనిషి ఉన్నాడని తెలియాలి. భూమికి మనం ఉన్నామనే తెలియదు. ఈ ఒక్క సంగతిని నేను ఉద్యోగజీవితమంతా పిల్లలకు బోధించాను. మా ఇంట్లో పెరిగిన ఒక్క పిల్లను నమ్మించడానికి మాత్రం ఏళ్లు పట్టింది. నమ్మిన రోజున ఆ పిల్ల ఏడ్చిన తీరు చూశాక, నేను గెలిచానో ఓడానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

1956లో గుంటూరు ప్రాంతం నుంచి రాయ్‌పూర్ వచ్చాను. రైల్వే ఉద్యోగుల పిల్లలు చదివే ఒక బడిలో భూగోళం చెప్పే పని. గుఢియారీలో పట్టాలకు దగ్గరగా ఇల్లు తీసుకున్నాం. వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ. ఇంట్లోనూ, ఆదివారం చర్చిలోనూ తెలుగు. మేడమీద వాన కొలిచే గొట్టం ఒకటి అమర్చి, కురిసిన ప్రతి వాననూ రాసి ఉంచడం నాకు మొదటి ఏడాదినుంచీ అలవాటు. రాయని విషయాన్ని మనిషి తనకు అనుకూలంగా మార్చుకుంటాడని నా నమ్మకం. అందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను, నాకు కూడా.

ముందుగదిలో గోడకు ఒక ప్రపంచపటం ఉండేది. భూకంపం వార్త వస్తే అక్కడ ఎర్రతల గుండుసూది, అగ్నిపర్వతం పేలితే నల్లతల గుండుసూది గుచ్చేవాణ్ని. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సూదులు పటమంతా సమంగా చెదరలేదు. పసిఫిక్ మహాసముద్రం చుట్టూ దండలా బారులు తీరాయి. ఇరాన్ మీదుగా హిమాలయాల పాదాల దాకా మరొక వరుస నడిచింది. భూమి పైపొర ఒకే పెంకు కాదనీ, పెద్ద పెద్ద పలకలుగా పగిలి ఉందనీ, ఆ పలకలు గోరు పెరిగేంత నిదానంగా కదులుతాయనీ, అవి ఢీకొనేచోటా ఒరుసుకొనేచోటా విడిపోయేచోటా నేల అదురుతుందనీ మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఎవరో వచ్చి మా గోడను చూసి వెళ్లి రాసినట్లనిపించింది.

దక్షిణాపథం మాత్రం దాదాపు ఖాళీ. కోయనా దగ్గర ఒక సూది, భద్రాచలం వైపు ఒక సూది. మా పాఠ్యపుస్తకం ఆ ప్రాంతాన్ని "అతి ప్రాచీనం, దృఢం, నిశ్చలం" అని వర్ణించేది. మూడో మాట సంగతి తరువాత చెబుతాను.

మా చెల్లెలు నర్సు. నాకంటే చాలా చిన్నది. నేనే రాయ్‌పూర్ తీసుకొచ్చి చదివించాను. పెళ్లయి, ఒక కూతురు పుట్టాక, భర్త కామెర్లతో పోయాడు. పిల్లను మా ఇంట్లో ఉంచి బడిలో వేసి, తాను మహారాష్ట్రలో లాతూరు దగ్గర ఒక పల్లెలో చిన్న ఆసుపత్రిలో పనిచేసేది. మాకు పిల్లలు లేరు కనుక ఆ పిల్ల మా ఇంటికి వెలుగు. చెల్లెలు సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, చేతిసంచి దించకముందే నా పటం ముందు నిలబడేది.

"ఏంటన్నయ్యా, ఇన్ని సూదులు గుచ్చావు. భూమికి నొప్పి పుట్టదూ?"

"నువ్వు రోజూ గుచ్చేవాటికంటే తక్కువే."

"నా సూది తిన్నవాడు లేచి ఇంటికెళ్తాడు. నీ సూది పడ్డచోట ఒక్కడూ లేవడు" అని నవ్వేది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు చావుమీద హాస్యమాడే అధికారం ఉంటుంది కాబోలు. నేను ఆ అధికారాన్ని ఏనాడూ తీసుకోలేదు.

ఇక్కడ మా తెలుగు క్రైస్తవుల ఆచారం ఒకటి చెప్పాలి. కొత్త సంవత్సరం ఉదయపు ఆరాధన ముగిశాక, ఒక స్టీలు పళ్లెంలో చిన్న చిన్న కార్డులు బోర్లించి అందరి ముందుకూ తెస్తారు. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, దాని కింద ఒక వాక్యం ఉంటాయి. చూడకుండా ఒకటి తీసుకోవాలి. అది ఆ ఏడాదికి దేవుడు మనకు ఇచ్చిన మాట. దాన్ని వాగ్దానం అంటారు. కొందరు బైబిల్లో దాచుకుంటారు, కొందరు బీరువా తలుపుకు అంటిస్తారు. ఉద్యోగం వచ్చినా, జ్వరం తగ్గినా, ఏడాది చివర ఆ కార్డు తీసి "చూశావా, ముందే చెప్పాడు" అనుకుంటారు. జరిగిన తరువాత ముందే చెప్పినట్లు చదువుకోవడమన్నమాట. నేను కూడా ఏటా ఒకటి తీసుకునేవాణ్ని, నా భార్య మనసు కష్టపెట్టకూడదని.

1993 జనవరి ఒకటిన చెల్లెలు సెలవుపెట్టి వచ్చింది. మేనకోడలికి అప్పుడు పదమూడేళ్లు. దానికి వచ్చిన కార్డు మీద మట్టిరంగు కొండలు ఉన్నాయి. కొండలు కదిలిపోయినా దేవుడి దయ నిన్ను విడిచి కదలదని దాని కింద ఉన్న వాక్యం చెబుతోంది. వాళ్లమ్మ కార్డు మీద తెల్లని పువ్వులు. పొలంలో పూచే పువ్వుకు రంగు వేసినవాడు నిన్ను మరిచిపోడని దాని సారాంశం.

"ఛీ, నాకీ మట్టి కొండలొద్దు. అమ్మా, నీ పువ్వులు నాకివ్వవూ?" అంది పిల్ల.

వెనకవరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ వెంటనే అందుకుంది. "వాగ్దానం మార్చుకోకూడదే పిల్లా! ఎవరికి రాసిపెట్టింది వాళ్లదే."

మా చెల్లెలు అప్పటికే కార్డు కూతురి చేతిలో పెట్టేసింది. "ఏం పర్లేదు లెండి పిన్నిగారూ. మేము రోజూ డ్యూటీలు మార్చుకుంటూనే ఉంటాం. ఆయన హాజరుపట్టీ ఆయన సరిచేసుకుంటాడు" అంది. మా బెంచీలో అందరూ నవ్వారు. పెద్దావిడ కూడా కొంగు అడ్డంపెట్టుకుని నవ్వింది.

ఆ ఏడాది సెప్టెంబరు చివర, వినాయక నిమజ్జనం ముగించుకుని లాతూరు పల్లెల జనం అలసి నిద్రపోయిన తెల్లవారుజామున, భూమి కదిలింది. ఉదయం రేడియోలో ఆ ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే నా భార్య కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గడపలో అలాగే నిలబడిపోయింది. చెల్లెలి ఊరి పేరు చదివినప్పుడు గ్లాసు కింద పెట్టి, పిల్ల జడ వేసుకుంటున్న గది తలుపు మెల్లగా మూసింది.

నేను వెళ్లాను. అక్కడ చూసినదంతా రాయను. ఒక్కటి మాత్రం రాయాలి, ఎందుకంటే అది భూగోళానికి సంబంధించినది. ఆ పల్లెల్లో ఇళ్ల గోడలు నల్లరాయివి. రాయికీ రాయికీ మధ్య బంకమట్టి, పైన ఎండ తగలకుండా మందపాటి మట్టికప్పు. ఆ నల్లరాయి ఊహకందని ప్రాచీనకాలంలో భూమి పగుళ్లలోంచి పొంగి, ప్రవహించి, పొరలు పొరలుగా పరుచుకుని చల్లారిన లావా. దక్కన్ పీఠభూమిలో చాలాభాగం అదే. మా చెల్లెలు అద్దెకున్న గది మీద కూలింది అలాంటి గోడే. నా పటంలో ఎర్రసూదికీ నల్లసూదికీ మధ్య నేను గీసుకున్న తేడా అక్కడ ఒక గుట్టగా పడి ఉంది. ఆమెను అక్కడే మిగిలినవారితోపాటు పూడ్చారు. ట్రంకుపెట్టె ఒకటి దొరికింది. బట్టలూ, స్టెతస్కోపూ ఉన్నాయి. కొండల కార్డు దొరకలేదు.

జ్ఞాపకార్థ ఆరాధనలో మా పాస్టరుగారు, ప్రజల పాపం పండినప్పుడు దేవుడు భూమి పునాదులను కదిలిస్తాడని ప్రసంగించారు. నేను మధ్యలో లేవలేదు. అది మర్యాద కాదు. ఆశీర్వచనం అయ్యేదాకా ఆగి, ఆయన గుమ్మంలో అందరికీ చేతులు కలుపుతుండగా ఎదుట నిలబడ్డాను.

"అయ్యగారూ, మా చెల్లెలు ఏ పాపం చేసిందో కొంచెం సెలవివ్వండి. రాసుకుంటాను."

"అయ్యయ్యో మాస్టారూ, నేను ఆమెను అనలేదు. లోకాన్ని అన్నాను."

"లోకం మీద కోపమైతే, పగలంతా రోగుల మలమూత్రాలెత్తి అలసి పడుకున్న మనిషి మీద రాళ్లు వేస్తాడా మీ దేవుడు?"

"మీ దేవుడు కూడా మాస్టారూ" అన్నారాయన నెమ్మదిగా. "భూగోళం మీది, ప్రసంగం నాది. ఎవరి క్లాసు వాళ్లం చెప్పుకుందాం."

"మీ క్లాసులో తప్పులు దిద్దేవాడు లేడు. నా బాధ అదే."

ఆయన నా చేయి వదలలేదు. ఆయన కళ్లలో నీళ్లున్నాయని అప్పుడు చూశాను. చూసినా నా కోపం తగ్గలేదు. ఆ ప్రసంగం వింటూ మా మేనకోడలు రెండో బెంచీలో కూర్చుని ఉంది మరి.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం నా భార్య నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఏమండీ, పిల్ల పువ్వుల కార్డు చింపబోతుంటే లాక్కున్నాను. 'ఇది నాది కాదత్తయ్యా, అమ్మ దగ్గర దొంగిలించాను' అంటోంది. నాకు భయమేస్తోంది. మీరు మాట్లాడండి."

పిల్ల పొయ్యి పక్కన పీటమీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

"కొండలు కదిలేది నాకు మామయ్యా. నా పేరు మీద వచ్చింది. నేను పువ్వులు బాగున్నాయని తీసుకున్నా. అమ్మ నా డ్యూటీ చేసింది."

"దయ కదలదని కదమ్మా అందులో ఉన్నది?"

"మొదటి సగమే నిజమైంది కదా" అంది.

ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఈ పిల్ల తలలోంచి ఆ కార్డును తీసెయ్యాలి. అందుకు నా దగ్గర ఉన్న పనిముట్టు భూగోళం ఒక్కటే.

మే నెల ఎండలో దాన్ని ఊరి చివర మోవా వైపు పోయే పెద్దరోడ్డు మీదికి తీసుకెళ్లాను. తారు మీద లారీ చక్రాలు పడిన చాళ్లు చూపించాను. "రాయితో కొడితే ఇది పగులుతుంది. కానీ బరువు నిదానంగా పడితే జారుతుంది. పలకల కింద ఉన్న వేడిరాయి కూడా అంతే. నీళ్లలా ద్రవం కాదు. గట్టిదే, కానీ లక్షల ఏళ్లలో తారులా పాకుతుంది. దాని మీద మన పలక ఉత్తరంగా వెళ్తూ ఆసియాను నెడుతోంది. ఆ నెట్టుడుకి ముడతపడి లేచినవే హిమాలయాలు."

తెలీబంధా చెరువు దగ్గర కుల్ఫీ బండివాడు డబ్బాలో మంచుగడ్డల మీద ఉప్పు చల్లుతుంటే ఆపి చూపించాను. "వేడి పెట్టకుండానే మంచు ఎలా కరుగుతోందో చూడు, ఉప్పు తగిలినందుకు. ఒక పలక ఇంకొకదాని కిందికి దిగేచోట, అది తనతో సముద్రపు నీటిని లోపలికి తీసుకెళ్తుంది. ఆ నీరు తగిలిన పైరాయి అలాగే కరుగుతుంది. కరిగినది తేలికై పైకి వస్తుంది. అదే అగ్నిపర్వతం. పలకలు విడిపోయేచోట కింది వేడిరాయి పైకి లేస్తుంది. మీదున్న బరువు తగ్గి అక్కడా కరుగుతుంది." కుల్ఫీవాడు మా వంక చూసి, "బాబూజీ, ఖానా హై కి పఢ్‌నా హై?" అని అడిగాడు. తినడానికొచ్చారా చదవడానికొచ్చారా అని. తల్లి పోయాక పిల్ల నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను.

ఇంటికి వచ్చి దాని జామెట్రీ పెట్టెలోని ప్లాస్టిక్ స్కేలు వంచమన్నాను. వంచింది. ఇంకా వంచమన్నాను. విరిగింది. "ఇప్పుడే విరిగిందా, వంచుతున్నంతసేపూ విరుగుతోందా? పలకల అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా మొరాయిస్తాయి. వెనకనుంచి నెట్టుడు ఆగదు. రాయి వంగి వంగి, పట్టు తప్పిన క్షణంలో జారిపోతుంది. ఆ జారుడే భూకంపం."

అది వింటూనే పిల్ల పాఠ్యపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "మరి అమ్మ ఉన్నచోట అంచు లేదుగా. ఇక్కడ నిశ్చలం అని రాసుంది."

నేను ముందు చెప్పిన మూడో మాట అదే. కదలనిది అని అర్థం. ఎర్రసిరా తీసుకుని దాన్ని కొట్టేశాను. పుస్తకం అచ్చువేసినవారికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మరుసటి ముద్రణలోనూ ఆ మాట అలాగే ఉంది. భూమి కదిలి అన్ని ఊళ్లు నేలమట్టమైనా ఒక్క పదం కదల్లేదు. నేను కోపిష్ఠినని మా బంధువులు అంటారు. కోపం రాని మనిషికి ఇది ఎలా కనిపిస్తుందో వారే చెప్పాలి.

మరుసటి ఆదివారం పట్టాల మీది పాదచారుల వంతెన ఎక్కించాను. కింద గూడ్సుబండిని జతపరుస్తున్నారు. ఇంజను వచ్చి చివరి పెట్టెను తాకింది. ఆ దెబ్బ పెట్టె నుంచి పెట్టెకు పాకి, ఎక్కడో మధ్యలో ఒకచోట గట్టిగా గణగణమంది.

"తాకింది ఇక్కడ. మోగింది అక్కడ. ఎందుకు?"

పిల్ల కాసేపు చూసింది. "అక్కడ లింకు వదులుగా ఉందేమో."

"అంతే. మన పలక ఉత్తరపు అంచున ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి పలకంతా పాకుతుంది. నడిమధ్య ఎక్కడో, పైకి కనిపించని పాత పగులు ఒకటి దాన్ని తట్టుకోలేకపోతుంది. లాతూరు దగ్గర జరిగింది అదే. దానికి నీ పేరు తెలియదు. అమ్మ పేరు తెలియదు. కార్డు కాగితమే తల్లీ."

"కాగితమే" అని తల ఊపింది. పరీక్షలో ఆ ప్రశ్నకు ఎవరికీ రానన్ని మార్కులు తెచ్చుకుంది. అయినా జనవరి ఒకటిన పళ్లెం తన ముందుకు రాగానే లేచి బయటికి వెళ్లిపోయింది. నేనూ తీసుకోలేదు. పాస్టరుగారి మీద కోపంతో నేను మానేస్తే, తన మీద తనకే ఉన్న కోపంతో అది మానేసింది. ఏటా ఇదే వరుస.

ఒకసారి నన్ను నిలదీసింది కూడా. "మామయ్యా, పగులు ఎప్పుడు జారుతుందో ఎవరూ ముందు చెప్పలేరన్నావు కదా?"

"చెప్పలేరు. ఎక్కడెక్కడ ప్రమాదమో కొంత చెప్పగలరు. ఏ రోజో, ఏ గంటో చెప్పలేరు."

"ఎందుకు జరిగిందో నీకు తెలుసు. ఆ రోజే ఎందుకో తెలీదు. తెలీనప్పుడు, కార్డు వల్ల కాదని నీకు మాత్రం ఎలా పక్కా?"

శాస్త్రం ఖాళీగా వదిలిన ఆ కాస్త చోటులో ఆ పిల్ల తన నేరాన్ని పరుపులా పరుచుకుని పడుకుంది. ఎవరూ లేపలేని చోటు అది.

1997 మే నెలలో జబల్‌పూర్ దగ్గర భూమి కదిలింది. మా గుఢియారీ దాకా ఆ అదురు వచ్చింది. గిన్నెలు మోగాయి, గోడమీది పటం ఊగింది. తెల్లవారేసరికి వీధి అంతా ఆరుబయట మంచాల మీదే ఉంది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ముసలమ్మ నన్ను చూడగానే కేకేసింది. "గురుజీ, ధరతీ కాబర్ డోలిస్? శేషనాగ్ కరవట్ లిస్ కా?" భూమి ఎందుకు ఊగింది, ఆదిశేషుడు పక్కకు తిరిగాడా అని.

నేను నోరు తెరిచేలోగా మా మేనకోడలు ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. "నహీ దాయీ, నాగ్ నహీ" అని, పాము కాదంటూ మొదలుపెట్టి, నర్మద లోయ కింద ఉన్న పాత పగులు గురించీ, ఉత్తరాన కొండలను నెడుతున్న పలక గురించీ, గూడ్సుబండి లింకు గురించీ వాళ్ల భాషలో, నా కంటే తేలికగా చెప్పింది. చుట్టూ పది మంది చేరారు. ముసలమ్మ అంతా విని, "పిల్లకు భూమి కడుపులో సంగతి తెలుసు. గురుజీ ఇంకా పళ్లే తోమలేదు" అంది. వీధంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. గర్వంగానే ఉంది, దాచను.

లోపలికి వచ్చాక రేడియో పెట్టాను. జబల్‌పూర్‌లో ఇళ్లు కూలాయనీ, కొందరు చనిపోయారనీ చెబుతున్నారు. పిల్ల రేడియో పక్కనే నిలబడి విన్నది. వార్తలు అయిపోయి పాట మొదలైనా కదల్లేదు.

"మామయ్యా, వీళ్లలో కార్డులు మార్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటారా?"

"చాలామందికి కార్డంటే ఏమిటో కూడా తెలియదమ్మా."

"మరి వీళ్లు ఎవరి బదులు పోయారు?"

"ఎవరి బదులూ కాదు."

"అమ్మ?"

ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన ప్రశ్న. గొంతు సరిచేసుకుని, తరగతిలో చెప్పినట్లు స్పష్టంగా చెప్పాను. "ఎవరి బదులూ కాదు తల్లీ. నీ బదులు కాదు. ఎవరి బదులూ కాదు."

దాని ముఖం తేటపడుతుందనుకున్నాను. అలా జరగలేదు. నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

"నా కోసం కాదా, అయితే?" అంది. "పాపం నాదే అనుకున్నా మామయ్యా. కానీ అమ్మ నా కోసం పోయిందనుకున్నా. నా డ్యూటీ చేసింది అనుకున్నా. ఇప్పుడు ఊరికే పోయిందా? రాయి జారింది, పోయింది. అంతేనా? ఊరికేనా?"

అప్పుడు ఏడ్చింది. తల్లి పోయినప్పుడు ఏడవాల్సిన ఏడుపు అది. వంటింట్లోంచి నా భార్య పరుగెత్తుకొచ్చి దాన్ని ఒడిలోకి లాక్కుంది. నా వంక ఒక్కసారి చూసింది. ఆ చూపులో నింద ఉందని అనను. కానీ ఇంతకాలం నేను ఏ గోడను కూల్చడానికి పాటుపడ్డానో, ఆ పిల్ల ఆ గోడ చాటునే తలదాచుకుందని అప్పుడు తెలిసింది. అపరాధం దాన్ని తల్లికి కట్టి ఉంచిన తాడు. తాడు తెంచాను. నేను చెప్పినదంతా నిజం. అందులో ఇప్పటికీ ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. ఆ నిజంలో ఒక పిల్ల కూర్చోవడానికి చోటు లేదని మాత్రం ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

కాసేపటికి అలవాటుగా ఎర్రసూది తీసుకుని పటం దగ్గరికి వెళ్లాను. జబల్‌పూర్ దగ్గర గుచ్చాను. లాతూరు దగ్గర ఈనాటికీ సూది లేదు. ఇన్నేళ్ల నా లెక్కల్లో నేను వదిలిన స్థలం అదొక్కటే. నీ సూది పడ్డచోట ఒక్కడూ లేవడు అని చెల్లెలు నవ్వుతూ అన్న మాట వినిపిస్తుంది. చేయి వెనక్కి వస్తుంది.

ఆ తరువాత మేనకోడలు నర్సింగులో చేరింది. మేము చెప్పలేదు, వద్దనలేదు. ట్రంకుపెట్టెలోని స్టెతస్కోపు తీసుకెళ్లింది. నవ్వడం నేర్చుకుంది, వాళ్లమ్మ నవ్వు కాదు, తన నవ్వు. అమ్మ గురించి మాట్లాడేటప్పుడు "పోయింది" అని ఊరికే అంటుంది. ముందూ వెనకా ఏ మాటా చేర్చదు. ఆ మాట అలా ఒంటరిగా వినిపించినప్పుడల్లా నా భార్య వేరే పని వెతుక్కుంటుంది.

2000వ సంవత్సరం మొదటి ఉదయం మేము ముగ్గురం చర్చికి వెళ్లాం. పాస్టరుగారికి జుట్టు పూర్తిగా నెరిసింది. పళ్లెం తానే పట్టుకుని మా వరుసకు వచ్చారు. మేనకోడలు లేవలేదు. చేయి చాపి ఒక కార్డు తీసుకుంది. చదివి, బోర్లించి పట్టుకుంది. నా భార్య తీసుకుంది. పళ్లెం నా ముందు ఆగింది.

"మాస్టారూ?" అన్నారాయన.

"తీసుకో మామయ్యా. కాగితమే కదా" అంది మేనకోడలు.

అది నా మాట. వంతెన మీద నిలబడి నేను దానికి చెప్పిన మాట. తీసుకున్నాను. చదవకుండానే గుప్పిట్లో పెట్టుకున్నాను. పాస్టరుగారు నా భుజం తట్టి ముందుకు వెళ్లారు.

ఆరాధన అయ్యాక మెట్ల మీద ఎండలో నిలబడ్డాం. మేనకోడలు తన కార్డు నా ముందు చాపింది. దాని ముఖంలో వేళాకోళం ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"నీదేమొచ్చింది మామయ్యా? మార్చుకుందామా?"

దానికి ఇక భయం లేదని నాకు చూపిస్తోంది. ఆ పాఠం తాను నేర్చుకుందని, గురువు ముందు పెడుతోంది. నేను చేయవలసిందల్లా గుప్పిట తెరవడం. భూమికి మనం ఉన్నామని తెలియదు. పలకలకు పేర్లు తెలియవు. కార్డు కాగితం. ఇవన్నీ నాకు తెలుసు. అందరికంటే ఎక్కువగా తెలుసు. నా కార్డులో ఏముందో మాత్రం తెలియదు. దానిలో ఏమున్నా ఆ పిల్ల చేతికి వెళ్లకూడదనుకున్నాను.

నా గుప్పిట తెరుచుకోలేదు.

మేనకోడలు నా చేతివైపు చూసింది, తరువాత నా ముఖంవైపు చూసింది. దాని వేళాకోళం మెల్లగా పోయింది. వాళ్లమ్మలాగే తల ఒక పక్కకు వంచి, తన కార్డును బ్యాగులో పెట్టుకుంది.

"సరేలే మామయ్యా. ఎవరిది వాళ్ల దగ్గరే ఉండనీ" అని నా మోచేయి పట్టుకుని మెట్లు దింపింది.